వంట మాస్టర్ అడ్వాన్సూ, ఎంబాపే ధరా

ప్రశ్న: అయ్యా, మాది నెల్లూరు జిల్లాలో ఆత్మకూరు దగ్గర పల్లె. 18 ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఆంధ్రా మెస్ నడుపుతున్నాను. మావాడికి 16 నిండాయి. చిన్నప్పటి నుంచీ ఫుట్‌బాల్ పిచ్చి. లెఫ్ట్ బ్యాక్ ఆడతాడట. వర్తూరు వైపు ఒక అకాడమీలో చేర్పించాను. అన్నం దగ్గర కూర్చుంటే చాలు, ఫోన్లో ఎవరి 'మార్కెట్ వాల్యూ' ఎంతో చదువుతుంటాడు. ఒకరికి వెయ్యి కోట్లంటాడు, ఒకరికి పదిహేను వందల కోట్లంటాడు. ఇది ఐపీఎల్ వేలంలాంటిదేనా? ఈ ధరలు ఎవరు కడతారు? రెండు నెలల క్రితం టర్ఫ్ దగ్గర ఒకాయన మావాడికి పరిచయమయ్యాడు. తాను ఏజెంటునంటాడు. పోర్చుగల్‌లో ట్రయల్స్ ఇప్పిస్తాడట, మావాడి పేరు మీద 'వాల్యూ ప్రొఫైల్' తయారు చేయిస్తాడట. ఇప్పటికే 50 లక్షల వాల్యూ ఉందంటున్నాడు. మొత్తం ఖర్చు ఆరు లక్షలు. 50 వేలు టోకెన్ అడ్వాన్సుగా ఫోన్లోనే పంపాను. మిగతాది నెలాఖరుకి కట్టాలి. రేపు ఏదైనా క్లబ్బు వాడిని కొంటే ఆ డబ్బు మాకే వస్తుందని చెప్పాడు. నేను వెనకాడుతున్నానని మావాడు నాతో మాట్లాడటం మానేశాడు. ఏం చేయమంటారు?

సమాధానం: మిగతా అయిదున్నర లక్షలు కట్టకండి. ఫుట్‌బాల్ సంగతి నిదానంగా మాట్లాడుకుందాం, ముందు ఇది ఆపండి.

ఆయన అమ్ముతున్న సరుకు అసలు లేదు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాకు ఆటగాళ్ల బదిలీల మీద నిబంధనలున్నాయి. వాటిలో 19వ అధికరణం ప్రకారం 18 ఏళ్లు నిండని ఆటగాడిని ఒక దేశం నుంచి మరో దేశపు క్లబ్బులో రిజిస్టర్ చేయకూడదు. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్యే మారేవాళ్లకు 16 నిండితే చాలు. సరిహద్దుకు దగ్గరగా ఉండే ఊళ్లవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో కాపురం మార్చుకుంటే పిల్లాడు అక్కడ ఆడొచ్చు. అంటే మీరు మారతహళ్లి మెస్ మూసేసి, నిజంగా వ్యాపారం కోసమే పోర్చుగల్ వెళ్లి గోంగూర పప్పు పెట్టుకుంటే వేరే మాట. పిల్లాడి ఆట కోసమే వెళితే అదీ చెల్లదు. ఈ నిబంధనను మీరినందుకు బార్సిలోనా అంతటి క్లబ్బుకే ఫిఫా 2014లో శిక్ష వేసింది, 2015లో వాళ్లు కొత్త ఆటగాళ్లను రిజిస్టర్ చేసుకోలేకపోయారు. మీవాడు వీసా తీసుకుని వెళ్లి, అక్కడి మైదానంలో రెండు వారాలు పరుగెత్తి, జెర్సీ వేసుకుని ఫొటోలు దిగి రావచ్చు. ఆరు లక్షలకు దొరికేది అదే.

ఆయన్ని ఒకటే అడగండి: ఫిఫా లైసెన్స్ నంబరు ఎంత? ఇప్పుడు ఏజెంటు కావాలంటే ఫిఫా పెట్టే పరీక్ష పాసవ్వాలి. లైసెన్స్ ఉన్నవాళ్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మైనర్లతో పని చేయాలంటే అదనంగా మరో కోర్సు చేసి ఉండాలి, తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే చిరాకు పుట్టించింది ఆరు లక్షలు కాదు, ఆ మనిషి మీకంటే ముందు టర్ఫ్ దగ్గర మీ పిల్లాడితో మాట కలపడం. అసలైన ఏజెంటు ఒప్పందం కుదిరాక అందులో శాతం తీసుకుంటాడు. ముందే టోకెన్ అడిగేవాడు బ్రోకరు కూడా కాదు.

ఇక మీరడిగిన ధరల సంగతి. ఐపీఎల్‌తో పోల్చుకోవడం వల్లే మనవాళ్లకు ఇది అర్థం కాకుండా పోతోంది. 2024 నవంబరు వేలంలో రిషభ్ పంత్‌ను లక్నో జట్టు 27 కోట్లకు తీసుకుంది. ఆ 27 కోట్లు పంత్‌కు సీజన్‌కు వచ్చే జీతం. ఫుట్‌బాల్‌లో ఫలానా ఆటగాడు వెయ్యి కోట్లు అంటే ఆ వెయ్యి కోట్లు కొత్త క్లబ్బు పాత క్లబ్బుకి కట్టేది. ఆటగాడు తన జీతం, సంతకం బోనస్ విడిగా మాట్లాడుకుంటాడు.

హోటల్ నడిపే మీకు దీన్ని నేను వివరించడం తాతకు దగ్గులు నేర్పడమే. మీ దగ్గర బిర్యానీ మాస్టర్ ఉన్నాడనుకోండి. ఊళ్లో ఇల్లు కట్టుకుంటానని లక్ష అడ్వాన్స్ తీసుకున్నాడు, వచ్చే సంక్రాంతి దాకా కదలనని మాటిచ్చాడు. కుందలహళ్లి గేటు దగ్గర కొత్తగా హోటల్ పెట్టినాయనకు దసరాకే అతను కావాలి. ఏం చేస్తాడు? మీ దగ్గరికొచ్చి అడ్వాన్స్ లెక్క తీరుస్తాడు, మీరు పైన ఎంత అడిగితే అంత బేరమాడతాడు. ఆ డబ్బు మీ గల్లాపెట్టెలోకి వస్తుంది, మాస్టర్ జేబులోకి కాదు. మాస్టర్ రుచి ఎంత గొప్పదైనా మీరు అమ్ముతున్నది దసరా నుంచి సంక్రాంతి దాకా మిగిలిన ఆ మూడు నెలలే. ట్రాన్స్‌ఫర్ ఫీజు అంటే అంతే. ఒప్పందంలో మిగిలిన కాలాన్ని వదులుకునేందుకు పుచ్చుకునే సొమ్ము.

మా మేనమామ కేఆర్ పురంలో మెస్ నడిపేవాడు. చేపల పులుసు చేసే మాస్టర్ ఒకతను ఆయన దగ్గర ఉండేవాడు. ఆదివారం ఆ పులుసు కోసం హోస్కోటె నుంచి కూడా జనం వచ్చేవాళ్లు. ఉగాదికి ఒప్పందం అయిపోతుందనగా కార్తీకమాసంలో ఒక హోటలాయన వచ్చి, అడ్వాన్స్ తీర్చి పైన 80 వేలిస్తాను, మాస్టర్‌ను పంపమన్నాడు. మామయ్య ఎంతిచ్చినా వదలనన్నాడు. ఉగాది వెళ్లిన మర్నాడు మాస్టర్ మిగిలిన అడ్వాన్స్ లెక్క చూసుకుని, పెట్టె సర్దుకుని, మామయ్యకు దణ్ణం పెట్టి తిన్నగా ఆ హోటల్‌కే వెళ్లాడు. మామయ్యకు పైసా మిగల్లేదు. ఇరవై ఏళ్లయినా అత్తయ్య ఆ 80 వేల మాట ఎత్తకుండా పండగ చేయదు.

ఫ్రాన్స్ క్లబ్బు ప్యారిస్ సెయింట్ జెర్మైన్ కూడా అచ్చం మా మామయ్యలాగే చేసింది. గోల్స్ కొట్టడంలో పేరున్న ఎంబాపేను మొనాకో క్లబ్బు నుంచి ముందు అరువు మీద తెచ్చుకుని, 2018లో 18 కోట్ల యూరోలు కట్టి సొంతం చేసుకున్నారు. 2021 ఆగస్టులో ఒప్పందం ఇంకా ఒక్క ఏడాదే ఉండగా స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్ 16 కోట్ల యూరోలకు పైగానే ఇస్తానంది. ప్యారిస్ వాళ్లు ఒప్పుకోలేదు. 2022లో ఎంబాపే ప్యారిస్‌తోనే ఇంకో ఒప్పందం రాసుకున్నాడు. అదీ 2024 జూన్‌లో అయిపోయింది. అతను ఫీజు లేకుండా మాడ్రిడ్ వెళ్లిపోయాడు. మీవాడిని అడగండి, 2024 వేసవిలో ఎంబాపే 'మార్కెట్ వాల్యూ' అతను చూసే సైట్‌లో ఎంత ఉందో. 18 కోట్ల యూరోలు! కట్టిన ఫీజు మాత్రం సున్నా. (ఫీజు కట్టక్కర్లేనప్పుడు ఆటగాడు సంతకం బోనస్ గట్టిగా పిండుకుంటాడు, కాబట్టి మాడ్రిడ్‌కు ఊరికే వచ్చాడనీ కాదు.)

ఒప్పందం అయిపోతే ఊరికే వెళ్లిపోయే ఈ హక్కు మొదట్నుంచీ ఉన్నది కాదు. బెల్జియంలో బోస్మన్ అనే మామూలు ఆటగాడు ఉండేవాడు. ఒప్పందం ముగిశాక ఫ్రాన్స్‌లో ఒక క్లబ్బుకి వెళ్తానంటే పాత క్లబ్బు ఫీజు కోసం అడ్డం పడింది. అడ్వాన్స్ తీరిపోయినా మాస్టర్‌ను గడప దాటనివ్వకపోవడం లాంటిదన్నమాట. అతను కోర్టుకెక్కాడు. 1995 డిసెంబరులో యూరోపియన్ కోర్టు అతని వైపు తీర్పిచ్చింది. ఈ రోజు క్లబ్బులు ఒప్పందం చివరి ఏడాదిలో హడావుడిగా అమ్మేయడానికో, పొడిగించుకోవడానికో ఎగబడటం ఆ తీర్పు చలవే. బోస్మన్‌కు దానివల్ల ఒరిగింది చాలా తక్కువ. అది వేరే కథ.

కాబట్టి ధర కట్టేటప్పుడు మొదట చూసేది ఒప్పందం ఇంకా ఎన్నేళ్లుంది అని. ఆ తర్వాత వయసు. 21 ఏళ్లవాడైతే నాలుగేళ్లు ఆడించుకుని మళ్లీ అమ్ముకోవచ్చు. 31 ఏళ్లవాడు ఎంత గొప్పవాడైనా తిరిగి అమ్మేటప్పుడు రాబడి ఉండదు. ఆ తర్వాత స్థానం. గోల్స్ కొట్టేవాళ్లకు ఎప్పుడూ గిరాకీ ఎక్కువ. మీవాడి స్థానంలో, అంటే ఎడమ వైపు రక్షణలో, ఎడమ కాలితో ఆడేవాళ్లు తక్కువ కాబట్టి అక్కడా కొంచెం గిరాకీ ఉంటుంది. గాయాలు, ఆడిన నిమిషాలు, ఆడే లీగ్ స్థాయి ఇవన్నీ చూస్తారు.

కానీ లెక్కలన్నీ ఒకెత్తు, కొనేవాడి అవసరం ఒకెత్తు. 2017 వేసవి చూడండి. ప్యారిస్ వాళ్లు బార్సిలోనాలో ఆడుతున్న నెయ్‌మార్ కోసం 22.2 కోట్ల యూరోలు కట్టారు. అప్పటి మారకంలో 1,600 కోట్ల రూపాయల పైమాటే. ఇప్పటికీ అదే రికార్డు. ఆ సంఖ్య ఎవరో కూర్చుని అతని ఆటను తూచి కట్టింది కాదు, అతని ఒప్పందంలో బార్సిలోనా రాసుకున్న విడుదల మొత్తం, అంటే అంత కడితే ఆటగాడిని వదలాల్సిందే. అంత ఎవరిస్తార్లే అనుకుని రాశారు. ఇచ్చేవాడొచ్చాడు. సరే, ఇప్పుడు బార్సిలోనా చేతిలో 22 కోట్ల యూరోలున్నాయని ప్రపంచమంతా తెలుసు, నెయ్‌మార్ స్థానం ఖాళీగా ఉందనీ తెలుసు. ఇంట్లో పెళ్లి పెట్టుకుని బంగారం కొట్టుకి వెళ్లినవాడితో ఎవరు తగ్గించి మాట్లాడతారు? జర్మనీ క్లబ్బు డార్ట్‌మండ్ దగ్గర డెంబెలే అనే కుర్రాడికి బార్సిలోనా వాళ్లు 10.5 కోట్ల యూరోలు కట్టారు, పైన షరతుల మీద ఇచ్చేవి వేరే. జనవరికల్లా ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ నుంచి కుటీన్యో అనే ఆటగాడికి 12 కోట్లు, షరతులన్నీ నెరవేరితే ఇంకో 4 కోట్లు. కుటీన్యో అక్కడ కుదురుకోలేదు. 2022లో ఇంగ్లండ్‌లోని ఆస్టన్ విల్లా క్లబ్బు అతన్ని సుమారు 2 కోట్లకు తీసుకుంది. డెంబెలే గాయాలతో సగం కాలం బయటే గడిపాడు, 2023లో 5 కోట్లకు ప్యారిస్ వెళ్లాడు. సగం ధరకు వెళ్లిన ఆ డెంబెలేనే 2025లో ప్రపంచ ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ అందుకున్నాడు. 10.5 కోట్లప్పుడు మంచి ఆటగాడా, 5 కోట్లప్పుడా? మీవాడితో ఈ ఒక్క ప్రశ్న మీద ఒక పూట భోజనం గడిచిపోతుంది.

ఎంజో ఫెర్నాండెజ్ సంగతి ఇంకా తమాషా. 2022 మధ్యలో పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికా అతన్ని అర్జెంటీనాలోని రివర్ ప్లేట్ క్లబ్బు నుంచి తీసుకుంది. 75 శాతం హక్కులకు కోటి యూరోలు, పైన బోనస్‌లు. ఆ డిసెంబరులో అర్జెంటీనా ప్రపంచ కప్ గెలిచింది, ఎంజోకు ఉత్తమ యువ ఆటగాడి బహుమతి వచ్చింది. జనవరి చివర్లో లండన్ క్లబ్బు చెల్సీ 12.1 కోట్ల యూరోలు కట్టింది. ఏడు నెలల్లో కాళ్లలో సత్తువ పదింతలు పెరగదు కదా. అందరూ చూస్తున్న వేదిక మీద బాగా ఆడాడు, అమ్మేవాడు విడుదల మొత్తం దగ్గర భీష్మించుకు కూర్చున్నాడు, కొనేవాడు ఆగలేకపోయాడు. అంతే.

చెల్సీ అంత డబ్బు ఎలా కట్టిందో మీ ఆడిటరుకు ఇట్టే అర్థమవుతుంది. మీరు పెద్ద గ్రైండరు కొంటే దాని ఖర్చును ఆ ఏడాదే మొత్తం రాయరు కదా, కొన్నేళ్లకు తరుగుదలగా పంచుతారు. ఆటగాడి ఫీజునూ ఒప్పందం ఉన్నన్ని ఏళ్లకు పంచుతారు. ఎంజోతో ఎనిమిదిన్నర ఏళ్ల ఒప్పందం రాసుకున్నారు. దాంతో ఏడాదికి పద్దులో పడేది కోటిన్నర యూరోల లోపే. ఈ కిటుకు చూసి యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా 2023లో, ఎన్నేళ్లు రాసుకున్నా లెక్కలో అయిదేళ్లకు మించి పంచకూడదని కట్టడి చేసింది.

మీవాడు చదివే ఆ 'వాల్యూ' సంఖ్యలు మాత్రం క్లబ్బులు కట్టేవి కావు. ట్రాన్స్‌ఫర్‌మార్క్ట్ అని 2000లో జర్మనీలో మొదలైన సైట్ ఉంది. అక్కడ అభిమానులే వయసు, ఆట, ఒప్పందం అన్నీ పెట్టుకుని వాదించుకుంటారు, చివరికి సైట్ తరఫువాళ్లు ఒక అంకె ఖాయం చేస్తారు. స్విట్జర్లాండ్‌లోని సీఐఈఎస్ అనే పరిశోధన సంస్థ పాత ఫీజులను గణాంక పద్ధతిలో పోల్చి వేరే అంకెలు ఇస్తుంది. రెండూ శ్రద్ధగా చేసే పనులే, నేనూ చూస్తుంటాను. కానీ వైట్‌ఫీల్డ్‌లో ఇళ్ల స్థలాలకు ప్రభుత్వం గైడెన్స్ వాల్యూ ఎంత పెట్టిందో చూసి, అంతే ఇస్తాను స్థలం రాసివ్వండి అంటే ఎవరైనా రాస్తారా? ఇదీ అంతే. అంచనాకు పనికొస్తుంది, ఆ అంకెకు చెక్కు ఇచ్చేవాడు మాత్రం ఉండడు.

ఇప్పుడు మీవాడి 50 లక్షల సంగతి. ఫీజు అనేది మిగిలిన ఒప్పందానికి కట్టే సొమ్ము అన్నాను కదా. మీవాడికి ఏ క్లబ్బుతోనూ వృత్తి ఒప్పందం లేదు. కాబట్టి అతని ట్రాన్స్‌ఫర్ ధర సున్నా. ఇది తిట్టు కాదు. 2021లో ఒప్పందం ముగిసి బార్సిలోనా నుంచి ప్యారిస్ వెళ్లిన రోజు మెస్సీ ట్రాన్స్‌ఫర్ ధర కూడా సున్నాయే. ఆ మాట మీవాడికి అలాగే చెప్పండి, బహుశా నవ్వుతాడు.

రేపు నిజంగానే ఎవరైనా కొన్నా డబ్బు తల్లిదండ్రులకు రాదు. పిల్లాడిని పెంచినందుకు ఇచ్చే వాటా ఒకటుంది, అదీ క్లబ్బులకే. దేశం దాటే బదిలీలో, ఒప్పందం మధ్యలో ఫీజు కట్టి కొంటే, ఆ ఫీజులో 5 శాతాన్ని ఆటగాడికి 12 ఏళ్ల నుంచి 23 ఏళ్ల దాకా శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు పంచాలి. 15 ఏళ్ల సీజన్ దాకా ఏడాదికి 0.25 శాతం, 16 నుంచి 0.5 శాతం. అంటే కోటి రూపాయల ఫీజుకు, 16 ఏళ్లప్పుడు ఒక సీజన్ ఆడించిన క్లబ్బుకు 50 వేలు వస్తాయి. మీరు టోకెన్‌గా పంపినంత. అది కూడా రికార్డుల్లో రిజిస్టరైన క్లబ్బుకే.

అందుకే మీ అకాడమీకి వెళ్లి రెండు విషయాలు అడగండి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య గుర్తింపు మీకుందా? మా అబ్బాయిని సమాఖ్య రిజిస్ట్రేషన్ వ్యవస్థలో, సీఆర్ఎస్ అంటారు, మీ పేరు మీద నమోదు చేశారా? నంబరు చూపించమనండి. నీళ్లు నమిలితే అకాడమీ మార్చే ఆలోచన చేయండి. జిమ్ము, డ్రోన్ వీడియో, విదేశీ కోచ్ పేరు చూసి నెలకు వేలకు వేలు కడుతున్నవాళ్లు వర్తూరు రోడ్డు పొడవునా ఉన్నారు. పిల్లాడికి కావలసింది ఏడాదికి పాతిక ముప్పై అసలైన పోటీ మ్యాచ్‌లు. బెంగళూరులో ఆ అదృష్టం ఉంది. జిల్లా సంఘం లీగ్‌లున్నాయి, సమాఖ్య నడిపే యూత్ లీగ్‌లున్నాయి. హలసూరు దగ్గర గౌతమపురలో పెలే విగ్రహం పెట్టుకున్న వీధులున్నాయి, ఆ పిల్లలతో ఒక సాయంత్రం ఆడితే మీవాడికి తన ఎడమకాలి సంగతి తెలిసొస్తుంది.

విదేశం మాట పూర్తిగా కొట్టిపారేయకండి, 18 దాటాక చూద్దాం. గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ సింగ్ సంధు 2014లో, ఇక్కడ సీనియర్ జట్టుకు ఆడాక, నార్వేలోని స్టాబెక్ క్లబ్బుకు వెళ్లాడు. తర్వాత మన బెంగళూరు ఎఫ్‌సీకే వచ్చాడు. సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీకి 2009లో లండన్ క్లబ్బు క్వీన్స్ పార్క్ రేంజర్స్‌తో ఒప్పందం కుదిరింది. కానీ ఫిఫా ర్యాంకుల్లో భారత్ మొదటి 70లో లేదని బ్రిటన్ వర్క్ పర్మిట్ ఇవ్వలేదు. ఛెత్రీ అంతటివాడికే ఆట సరిపోయినా కాగితం సరిపోలేదు. ఆ కాగితం సంగతి మీ ఏజెంటు ఒక్కసారైనా ఎత్తాడా?

పంపిన 50 వేలు తిరిగి ఇవ్వమని ఫోన్లో కాకుండా మెసేజ్‌లోనే అడగండి. పాత సంభాషణలు, చెల్లింపు వివరాలు చెరపకుండా దాచండి. వారంలో రాకపోతే ఆగకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, దగ్గరి పోలీస్ స్టేషన్‌లో కూడా రాసివ్వండి. పరువు పోతుందని ఊరుకుంటే ఆయన ఆ టర్ఫ్ దగ్గరే ఇంకో పిల్లాడితో మాట కలుపుతాడు.

మీవాడి మౌనం గురించి. వాడి కోపం ఆరు లక్షల మీద కాదని నా అనుమానం. ఇన్నేళ్లుగా ఆడుతుంటే మీ ఉత్తరంలో 'లెఫ్ట్ బ్యాక్ ఆడతాడట' అని రాశారు చూశారా, ఆ 'ట' మీద. మీల్స్ వేళ మెస్ వదిలి రాలేరని తెలుసు. అయినా ఒక్క రోజు గల్లాపెట్టె దగ్గర మీ ఆవిడనో, తమ్ముడినో కూర్చోబెట్టి, అశోక్‌నగర్ ఫుట్‌బాల్ స్టేడియంలో లీగ్ మ్యాచ్ ఉన్నప్పుడు వాడితో వెళ్లండి. ఎడమ గీత పక్కన కూర్చోండి. బంతిని చూడొద్దు, 90 నిమిషాలూ లెఫ్ట్ బ్యాక్‌నే చూడాలని వాడికి చెప్పండి. వాడు ఎప్పుడు ముందుకెళ్లాడు, ఎప్పుడు ఆగాడు, ఎందుకు ఆగాడు అని మీరే అడుగుతుండండి. వచ్చేటప్పుడు బస్సులో, ఆ అబ్బాయికి నువ్వైతే ఎంత కడతావని అడిగి చూడండి. ఒప్పందం ఇంకా ఎన్నాళ్లుంది నాన్నా అని వాడు ఎదురు ప్రశ్న వేస్తే, మా మామయ్య మాస్టర్ కథ చెప్పడానికి అదే సమయం.